పగ్గం సడలే క్షణం

కఠోపనిషత్తులో యముడు నచికేతుడికి చెప్పిన రథం పోలిక మన ప్రవచనాల్లో వినీ వినీ అరిగిపోయింది. శరీరం రథం, ఆత్మ అందులో కూర్చున్న యజమాని, బుద్ధి సారథి, మనస్సు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు, విషయాలు అవి పరుగెత్తే దారులు. ఇది విన్న ప్రతివారి కళ్లముందూ ఒకటే బొమ్మ కదులుతుంది: నురగలు కక్కుతూ లాగే గుర్రాలు, వెనక్కి వాలి పగ్గాలు బిగబట్టిన సారథి. ఇంద్రియనిగ్రహమంటే ఆ బిగింపేనని మనలో స్థిరపడిపోయింది. కానీ ఉపనిషత్తు మాటను జాగ్రత్తగా చదివితే అందులో మరో సంగతి ఉంది. వివేకం లేనివాడికి, మనస్సు కుదురు లేనివాడికి ఇంద్రియాలు చెడ్డ గుర్రాల్లా వశం తప్పుతాయనీ, వివేకం ఉన్నవాడికి మంచి గుర్రాల్లా వశంలో ఉంటాయనీ యముడు వెంటవెంటనే రెండు మంత్రాల్లో చెబుతాడు. గుర్రాల జాతి గురించి, పుట్టుక గురించి ఒక్క మాట లేదు. తేడా అంతా సారథి దగ్గరే పెట్టాడు. పైగా ఆ రథం గమ్యానికి, విష్ణువు పరమపదానికి, చేరుకునేది ఆ గుర్రాలతోనే. మధ్యదారిలో వాటిని విప్పి తరిమేయమని ఎక్కడా లేదు. అయితే ఆ సారథి చేసే పని ఏమిటి? లొంగదీయడానికీ నమ్మకం సంపాదించడానికీ మధ్య గీత ఎక్కడుంది? పోలికను కాసేపు పక్కన పెట్టి నిజమైన గుర్రం దగ్గరకు వెళితేనే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుందని నా నమ్మకం.

గ్రీసులోనూ ఇలాంటి రథం ఒకటుంది. ప్లేటో ‘ఫెడ్రస్’ సంవాదంలో ఆత్మను రెండు గుర్రాలు పూన్చిన రథంతో పోల్చాడు. తెల్లది మాట వింటుంది, నల్లది వినదు. ఆ నల్లదాని నాలుకా దవడలూ నెత్తురు కారేలా సారథి కళ్లెం వెనక్కి గుంజుతాడు. అది భయంతో దారికొచ్చేదాకా మళ్లీ మళ్లీ అదే చేస్తాడు. ప్లేటో గురువైన సోక్రటీసు దగ్గరే చదువుకున్న మరొకడు జెనొఫన్. ఆయన సైనికుడు, రౌతు. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో అశ్వవిద్య మీద ఆయన రాసిన చిన్న పుస్తకం నేటికీ నిలిచి ఉంది. కోపంగా ఉన్నప్పుడు గుర్రం జోలికి పోవద్దన్నది అందులో ముఖ్యమైన నియమం. దేన్నో చూసి బెదిరిన గుర్రాన్ని కొట్టి ముందుకు తోస్తే, ఆ వస్తువు వల్లే తనకు నొప్పి కలిగిందనుకుని ఇంకా బెదురుతుంది. అందుకే మెల్లగా దాని దగ్గరకు నడిపించుకుపోవాలంటాడు. బలవంతం మీద చేసిన పని గుర్రానికి అర్థమై చేసింది కాదనీ, కొరడాతో కొట్టి నర్తకుడి చేత ఆడించడంలాంటిదనీ అంటాడు. గురువు ఒక్కడే. గుర్రాన్ని పోలికగా వాడుకున్న శిష్యుడు నెత్తురు కార్పించాడు, గుర్రం పక్కన నడిచిన శిష్యుడు ఓర్పు నేర్పాడు. ఇది కాకతాళీయం కాదనుకుంటాను. పోలికలోని గుర్రానికి నొప్పి లేదు, అది రేపు మళ్లీ మన మొహం చూడనక్కర్లేదు. లాయంలో గుర్రం తెల్లారితే మళ్లీ చూస్తుంది, నిన్న జరిగింది మరిచిపోదు.

ఇవాళ గుర్రాల శిక్షకులు గ్రౌండ్‌వర్క్ అని పిలిచేది, జీను వేసి పైకెక్కడానికి ముందు నేల మీద నిలబడి చేసే సాధన. అమెరికాలో టామ్ డారెన్స్, ఆయన అడుగుజాడల్లో నడిచిన రే హంట్ గత శతాబ్దంలో దీనికి కొత్త గౌరవం తెచ్చారు. పని చూడడానికి చాలా చిన్నది. గుర్రానికి ముక్కుకు సూటిగా ముందూ, తోక వెనకా కొంతమేర కనపడదు; కాబట్టి భుజం వైపునుంచి, దానికి కనిపించేలా దగ్గరకు వెళ్లాలి. మెడకూ వీపుకూ మధ్య మూపు దగ్గర నెమ్మదిగా గోకాలి. గుర్రాలు ఒకదాన్నొకటి పళ్లతో దువ్వుకునే చోటు అదే. ఫ్రాన్సులోని కామర్గ్ గుర్రాల మీద 1993లో వెలువడిన పరిశీలనలో అక్కడ గోకితే గుండె వేగం తగ్గుతుందని తేలింది. తరవాత తాడు వదులుగా పట్టుకుని ఒక్క అడుగు వెనక్కి వేయమని అడగడం, వెనక కాళ్లు పక్కకు జరపమనడం, తల దించమనడం, ఆగితే ఆగడం నడిస్తే నడవడం. ప్లాస్టిక్ పట్టానో గొడుగునో చూసి బెదిరితే, దాన్ని దగ్గరకు తెచ్చి, గుర్రం నిలదొక్కుకోగానే వెనక్కి తీసుకెళ్లడం. ఈ పనులన్నిటికీ ప్రాణం ఒక్కచోటే ఉంది. గుర్రం అడిగినవైపు బరువు మార్చిన మరుక్షణం తాడు సడలాలి. అడుగు పూర్తయ్యాక కాదు, వేయాలన్న ప్రయత్నం కనబడగానే. గుర్రానికి అర్థమయ్యేది తాడు లాగడం వల్ల కాదు, వదలడం వల్ల. లాగుడు ప్రశ్న మాత్రమే, సడలింపు జవాబు. ఆ జవాబు అరక్షణం ఆలస్యమైతే గుర్రం వేరే పాఠం నేర్చుకుంటుంది.

ఈ పద్ధతికి ఆశ్చర్యం కలిగించేంత దగ్గరి బంధువు పాళీ వాఙ్మయంలో ఉంది. అంగుత్తర నికాయంలోని పతోద సుత్తంలో బుద్ధుడు నాలుగు రకాల మేలుజాతి గుర్రాల గురించి చెబుతాడు. ములుకోల నీడ చూడగానే కదిలేది ఒకటి, అది వెంట్రుకలకు తగిలితే కదిలేది ఒకటి, చర్మానికి తగిలితే ఒకటి, ఎముకదాకా దిగితేగాని కదలనిది ఇంకొకటి. మనుషులూ అంతే: ఎక్కడో ఊళ్లో ఒకరు పోయారని వినగానే మేల్కొనేవాడు మొదటివాడు, తన ఒంటికే నొప్పి వచ్చాక మేల్కొనేవాడు చివరివాడు. అమెరికన్ శిక్షకుడు పాట్ పరెల్లి నేర్పే గ్రౌండ్‌వర్క్‌లో వేలి ఒత్తిడి వెంట్రుక, చర్మం, కండ, ఎముక అని నాలుగు మెట్లుగా పెరుగుతుంది. గుర్రం పక్కన నిజంగా నిలబడిన వారందరికీ ఒకే నిజం ఎదురవుతుందని దీన్నిబట్టి అనుకుంటున్నాను: మొదట నీడతో అడగాలి. నీడ చాలిన చోట ములుకోల వాడినవాడు తనకు తానే గుర్రాన్ని మొద్దుబారుస్తాడు. మజ్ఝిమ నికాయంలోని భద్దాలి సుత్తంలో ఇంకో మంచి మాట ఉంది. మొదటిసారి కళ్లెం పెట్టినప్పుడు గుర్రప్పిల్ల గింజుకుంటుంది. అదివరకెన్నడూ చేయని పని చేయిస్తున్నారు కాబట్టి గింజుకుంటుంది, మళ్లీ మళ్లీ, మెల్లమెల్లగా చేయిస్తే కుదురుకుంటుంది అంటాడు బుద్ధుడు. గింజుకోవడాన్ని ఆయన పొగరనలేదు, కొత్తదనమన్నాడు. పొగరు అనే మాట ఎప్పుడూ కొరడా పట్టుకున్నవాడి నోట్లోనే పుడుతుంది.

కాబట్టి నా వాదన ఇది. బలం ఉన్నవాడికీ అది లేనివారికీ మధ్య నమ్మకం పుట్టేది, బలవంతుడు తన బలాన్ని ఎప్పుడు వాడడో అవతలివారికి తెలిసినప్పుడే. గ్రౌండ్‌వర్క్ పేరుకు గుర్రానికి శిక్షణ, అసలు శిక్షణ తాడు పట్టుకున్న చేతికి. దీనికి గట్టి సాక్ష్యం బెర్లిన్‌లో ఉంది. 1904లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తోందని జర్మనీ అంతా నమ్మింది. అడిగిన కూడికకు సరిగ్గా అన్నిసార్లు డెక్కతో నేల తట్టేది. మనస్తత్వవేత్త ఆస్కార్ ఫుంగ్‌స్ట్ పరీక్షించి చూస్తే, ప్రశ్న వేసినవాడికి జవాబు తెలియకపోయినా, అతను గుర్రానికి కనబడకపోయినా అది తప్పేది. సరైన అంకె రాగానే మనిషి తల తనకే తెలియకుండా వెంట్రుకవాసి కదిలేది. గుర్రం దాన్ని పట్టుకునేది. ఈ రహస్యం తెలిశాక కూడా ఫుంగ్‌స్ట్ తన కదలికలను పూర్తిగా అణచుకోలేకపోయాడు. చాలామంది దీన్ని గుర్రం బండారం బయటపడిన కథగా చెప్పుకుంటారు. నాకిది మనిషి బండారం బయటపడిన కథగా కనిపిస్తుంది. 2016లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కోపంగా ఉన్న మనిషి ముఖం ఫొటో చూపితే గుర్రాల గుండె వేగం పెరగడం గమనించారు. మన ముఖం దానికి తెరిచిన పుస్తకం. పళ్లు బిగబట్టి, పెదాల మీద నవ్వు పూసుకుని దాని దగ్గరకు వెళితే లాభం లేదు. ముందు లోపల కోపం నిజంగా తగ్గాలి. బృహదారణ్యకంలో ప్రజాపతి ‘ద’ అనే ఒక్క అక్షరం ఉపదేశిస్తే దేవతలు దమమని, మనుషులు దానమని, అసురులు దయ అని అర్థం చేసుకున్నారు. మనుషుల్లోనే ఈ మూడు తీరులవాళ్లూ ఉన్నారని శంకరులు భాష్యంలో వివరించారు. తాడు పట్టుకుని గుర్రం ముందు నిలబడ్డవాడికి ఆ మూడర్థాలూ ఒకేసారి కావాలి: తనను అణచుకోవడం దమం, సడలింపు దానం, మొదట నీడతో అడగడం దయ.

దీనికి అన్నిటికన్నా బరువైన ఆక్షేపణ ప్రయోగశాల నుంచే వస్తుంది. గుండ్రటి ఆవరణలో గుర్రాన్ని తరుముతూ తిప్పి, అది మనవైపు చెవి తిప్పి తల దించగానే తరమడం ఆపితే, అది నడిచి వచ్చి మన భుజం దగ్గర నిలుస్తుంది. మాంటీ రాబర్ట్స్ దీన్ని ప్రపంచమంతా ప్రసిద్ధం చేశాడు. చూసినవాళ్ల కళ్లు చెమరుస్తాయి. 2012లో సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధకులు మనిషి స్థానంలో రిమోట్‌తో నడిచే బొమ్మకారు పెట్టి ఇదే చేశారు. గుర్రాలు ఆ కారు దగ్గరకూ వచ్చాయి. బొమ్మకారును ఏ గుర్రమూ తన నాయకుడనుకోదు. తరమడం ఆగడమే దానికి దక్కిన బహుమానం. మరి మీరు నమ్మకమంటున్నది ఊరట మాత్రమే కదా అని అడిగితే, ఆ ఒక్క విన్యాసం వరకు ఒప్పుకోవాల్సిందేనని నేనూ అంటాను. భయపెట్టి, భయం తీసేసి, దగ్గరకు వచ్చినదాన్ని ప్రేమ అని పిలవడం తప్పు. మన కుటుంబాల్లోనూ ఈ తప్పు బోలెడంత జరుగుతోంది. కానీ ఊరటతో మొదలైంది కాబట్టి ఎప్పటికీ ఊరటగానే మిగలాలని ఎక్కడుంది? పసిబిడ్డ నమ్మకం ఆకలితోనూ పాలతోనూ మొదలవుతుంది. పుట్టుక స్వభావాన్ని తేల్చదు. తేల్చే పరీక్ష వేరే ఉంది: గుర్రం వద్దంటే ఏమవుతుంది? బొమ్మకారుకు వద్దని చెప్పే వీలు ఆ గుర్రాలకు లేదు. 2016లో నార్వే పరిశోధకులు 23 గుర్రాలకు మూడు గుర్తులు నేర్పారు: దుప్పటి కప్పు, దుప్పటి తియ్యి, ఏమీ మార్చకు. రోజుకు పావుగంటకు మించని శిక్షణతో 14 రోజుల్లో అన్నీ నేర్చుకున్నాయి. వానా చలిగాలీ ఉన్నప్పుడు కప్పమనీ, ఎండ కాసినప్పుడు తియ్యమనీ ముట్టెతో ఆ బోర్డులను తాకి చెప్పాయి. వాటి మాట వినే మనిషి ఎదుట ఉన్నాడు, చెప్పినట్టే జరిగింది. ఆ మూడో గుర్తు, ‘ఏమీ మార్చకు’ అన్నది, నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది. వద్దనే హక్కు ఉన్నచోటే సరేననడానికి అర్థం ఉంటుంది.

అందుకే నిశ్శబ్దంగా నిలబడిన ప్రతి గుర్రాన్నీ శాంతించిన గుర్రమని అనుకోకూడదు. ఏం చేసినా నొప్పి ఆగదని తెలిసిన జంతువు ఒక దశలో ప్రయత్నమే మానేస్తుంది. చెవులు కదలవు, చూపు ఎక్కడో ఉంటుంది, ముట్టుకున్నా ఉలికిపాటు ఉండదు. పైనుంచి చూసేవాడికి అది చక్కటి క్రమశిక్షణలాగే కనిపిస్తుంది. ఇంద్రియనిగ్రహం విషయంలోనూ ఇదే మోసం జరుగుతుంది. గీత మూడో అధ్యాయంలో కృష్ణుడు, కర్మేంద్రియాలను బిగించి కూర్చుని మనసులో విషయాలనే నెమరేసేవాడిని మిథ్యాచారి అన్నాడు. అదే అధ్యాయంలో, ప్రాణులు తమ ప్రకృతినే అనుసరిస్తాయి, నిగ్రహం ఏం చేయగలదు అని కూడా అడిగాడు. నిగ్రహాన్నే బోధించే గ్రంథం ఈ ప్రశ్న వేయడాన్ని మనవాళ్లు తగినంత పట్టించుకోలేదని నాకనిపిస్తుంది. చచ్చిన చూపుతో నిలబడ్డ గుర్రం రథాన్ని ఏ పరమపదానికీ లాగలేదు.

బౌద్ధం నుంచే మరో ఆక్షేపణ రావచ్చు. కేసి అనే గుర్రాల శిక్షకుడు బుద్ధుడి దగ్గరకు వచ్చిన కథ అంగుత్తర నికాయంలోనే ఉంది. గుర్రాలను మెత్తగా శిక్షిస్తాను, కఠినంగా శిక్షిస్తాను, రెండూ కలిపి శిక్షిస్తాను, ఎలాగూ లొంగకపోతే నా గురువుల పేరు చెడకుండా చంపేస్తాను అంటాడు కేసి. బుద్ధుడు, నేనూ అంతే అంటాడు. పురుషదమ్యసారథి అని బిరుదున్నవాడి నోట ఆ మాట! కానీ ఆయన విప్పి చెప్పినప్పుడు మాటల అర్థాలన్నీ మారిపోతాయి. మెత్తదనమంటే మంచి నడవడినీ దాని ఫలితాన్నీ చూపడం. కాఠిన్యమంటే చెడు నడవడినీ దాని ఫలితాన్నీ చూపడం. చంపడమంటే ఇక ఉపదేశించదగినవాడు కాదని మాట్లాడడం మానేయడం. కేసి కొరడా పట్టుకుని వచ్చాడు. బుద్ధుడు అతని మాటలనే ఒక్కొక్కటిగా తీసుకుని వాటిలోంచి కొరడా తీసేశాడు. గ్రౌండ్‌వర్క్‌ను గారాబమనుకునేవారికీ ఇందులోనే జవాబుంది. అయిదు వందల కిలోల జంతువు మీదికి తోసుకొస్తే వెనక్కి జరగమని స్థిరంగా అడగాల్సిందే, జరిగేదాకా అడగాల్సిందే. లేకపోతే కాళ్లు నలిగేది మనిషివే. దృఢంగా అడగడంలో తప్పు లేదు, జరిగాక కూడా వదలకపోవడంలో ఉంది.

ఇంకొందరు మూలాన్నే ప్రశ్నిస్తారు. తాడు మీ చేతిలో ఉంది, కంచె మీది, దాణా మీది, ఎప్పుడు అమ్మాలో మీ ఇష్టం. ఇందులో నమ్మకం ఊసెత్తడమే అన్యాయం అంటారు. ఈ మాటను తేలిగ్గా తోసిపుచ్చలేను. పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండుమేళం చెవి పక్కనే మోగుతుంటే, కాళ్ల దగ్గర టపాకాయలు పేలుతుంటే కదలకుండా నిలబడ్డ గుర్రాన్ని మన ఊళ్లలో ఎవరైనా చూడవచ్చు. దాన్ని ఎవరూ అడగలేదు. అయినా, గుర్రం మనిషితో కలిసి నాలుగు వేల ఏళ్లు దాటింది. హిట్టయిటుల రాజధాని శిథిలాల్లో దొరికిన మట్టి పలకల మీద మితాని దేశపు శిక్షకుడు కిక్కులి గుర్రాలకు ఏ రోజు ఎంత నడక, ఎంత మేత, ఎప్పుడు స్నానం, ఎప్పుడు విశ్రాంతి అని దినచర్య రాయించాడు. అందులోని ఐక, తేర, పంజ, సత్త అన్న అంకెలు మన సంస్కృతానికి చుట్టాలు. ఇంత పొడవాటి సహవాసాన్ని ఇవాళ తెంచేసి గుర్రాలను అడవికి పొమ్మనడం న్యాయం కాదు, వాటిని వదిలించుకోవడం అవుతుంది. సమానుల మధ్య ఒప్పందం చాలు. ఒకరి బతుకు మరొకరి చేతిలో ఉన్నచోటే నమ్మకం అనే మాటకు పని పడుతుంది: తల్లికీ బిడ్డకూ, వైద్యుడికీ రోగికీ, గురువుకూ శిష్యుడికీ. అక్కడ అసమానత ఉందని నమ్మకాన్ని కొట్టేస్తే, మిగిలేది ఉత్త బలమే. కాబట్టి ఆక్షేపణ నిజమే, కానీ అది బాధ్యతను రద్దు చేయదు, రెట్టింపు చేస్తుంది.

ఇక మహాభారతంలోని నలుడి సంగతి. అశ్వహృదయం అనే విద్య మనవాళ్లలో ఆయనకే పేరు తెచ్చింది. బాహుకుడి రూపంలో ఋతుపర్ణుడి కొలువులో ఉన్నప్పుడు, ఒక్కరోజులో విదర్భకు చేరాలని రాజు అడిగితే బక్కచిక్కిన గుర్రాలను ఏరి తెచ్చాడు. ఇవి లాగుతాయా అని రాజు అనుమానించాడు. రథమెక్కగానే అవి మోకాళ్ల మీద కూలబడ్డాయి కూడా. నలుడు వాటిని బుజ్జగించి లేపాడు, తరవాత అవి గాలిలా పోయాయి. గుర్రం మనసు అంత తెలిసినవాడు జూదంలో తనను తాను ఎందుకు నిలుపుకోలేకపోయాడు? లాయంలో నేర్చిన దమం రాజసభలో పనికి రాలేదు కదా! ఈ ప్రశ్నను దాటవేయడానికి వీల్లేదు. గుర్రం పక్కన నిలబడడం నేర్చినంత మాత్రాన ఎవరూ ఋషి అయిపోరు. భారతమూ ఆ మాటే అంటోంది: అశ్వహృదయానికి బదులుగా ఋతుపర్ణుడి నుంచి అక్షహృదయం, అంటే పాచికల మర్మం, తీసుకున్నాకే, ఆవహించి ఉన్న కలి నలుణ్ని వదిలాడు. అంటే ఒకచోట తెలిసిన హృదయం ఇంకోచోటికి దానంతటదే రాదు, దాన్ని అక్కడ కూడా అడిగి నేర్చుకోవాలి. అయినా రాజ్యం, భార్య, రూపం అన్నీ పోయిన రోజుల్లో నలుడి దగ్గర మిగిలింది ఆ ఒక్క విద్యే. దమయంతి దగ్గరకు అతన్ని చేర్చినవి ఆ బక్క గుర్రాలే.

సారథి అంటే ఎవరో చెప్పడానికి ఉపనిషత్తు పోలిక చాలకపోతే ద్రోణపర్వం ఉంది. సూర్యాస్తమయం లోపల జయద్రథుణ్ని చంపుతానని అర్జునుడు చేసిన ప్రతిజ్ఞ నెరవేరాల్సిన రోజు అది. మధ్యాహ్నం దాటింది, ప్రతి ఘడియా లెక్కే, చుట్టూ శత్రుసేన. గుర్రాలు బాణాలు తగిలి, దప్పికతో అలసిపోయాయి. కృష్ణుడు వాటిని ములుకోలతో పొడిచి ముందుకు తోలవచ్చు. కానీ రణభూమి నడుమ రథం ఆపాడు. అర్జునుడు నేల మీదికి దిగి సైన్యాన్ని అడ్డుకుంటూ బాణాలతో చెరువు ఏర్పరచాడు. కృష్ణుడు గుర్రాలను విప్పి, వాటి ఒంట్లో దిగిన బాణాలను తన చేతులతో తీసి, ఒళ్లు తుడిచి మాలీసు చేశాడు. అవి నీళ్లు తాగి, స్నానం చేసి, మేత మేసి, అలసట తీర్చుకున్న తరవాతే వాటిని మళ్లీ రథానికి కట్టాడు.